బొట్టు పెట్టిన బేస్‌బాల్ కార్డులు

ఈ రోజు మావారి బేస్‌బాల్ కార్డులు అమ్మేశాను. ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్తున్న అమెరికన్ ఆఫీసరు దగ్గర పెట్టెలకు పెట్టెలు కొన్నారు. అన్నిటి మీదా పాతకాలం ఆటగాళ్ల బొమ్మలే. ఆ ఆట మాత్రం ఆయన ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. ఆయన పోయి ఏడాదైంది. వచ్చే వారం మేము ఈ షార్జా ఫ్లాటు వదిలి చిన్నదానికి మారుతున్నాం. పెట్టెలకు చోటు లేదు.

ఇక్కడి రోలా బజారులో పాత నాణేలు, స్టాంపులు అమ్మే నెల్లూరు మస్తాన్ వచ్చి, అన్నీ చూసి, కొన్ని పక్కన పెట్టాడు.

"ఇవి వద్దమ్మా. కుంకుమ మరకలున్నాయి. తెల్లోళ్లు కొనరు."

"మరకలు కావు నాయనా, బొట్లు. బాగా ఇష్టమైన వాళ్లకి ఆయన దసరా పూజలో నుదుట పెట్టేవారు. వీళ్లేమన్నా పేరంటానికి వచ్చారా అని దెప్పేదాన్ని."

"ఖరీదైనవన్నీ ఇవే గదమ్మా! సారు మొత్తం ఖలాస్ చేసేశారే!"

మిగతావి పట్టుకుపోయాడు. సాయంత్రం నుంచి ఈ బొట్టు మొహాలను ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కరి పేరూ తెలియదు. ఈ దసరాకి బొట్లు నేనే పెట్టాలి కాబోలు.

పోయినవాళ్లు అమ్మకానికి పనికిరాకుండా చేసి వెళ్లినవి మీ ఇళ్లలోనూ ఉన్నాయా? చెప్పండి.