నేనే ఏరి పారేసిన నా బీడీలు

నా చిన్నప్పుడు దయ్యాలంటే భయం లేదుగాని, ఎల్లారెడ్డిలో మా వాడకట్టు చివరనున్న బీడీల కార్ఖానా మున్షీ అంటే పాణం పోయేది. ఆయన కట్ట విప్పి, ఒక్కొక్క బీడీని వేళ్ల మధ్య తిప్పి చూసి, నచ్చనిది గంపలోకి విసిరేవాడు. బీడీ పడితే చప్పుడేముంటది? అయినా నాకు వినపడేది.

అప్పటికి నాకు పదకొండేండ్లు. బడికి పోలేదు, అక్షరాలు మా బాపు ఇంట్లనే పలక మీద దిద్దించిండు. ఆ ఏడు బాపు బొంబాయి పనికి పోయిండు. అమ్మకు వేళ్లు వాచి ఆకు చుట్టరాకుండ అయింది. ఆమె పేరు మీద నేనే చుట్టి తీసుకపోయేదాన్ని. రెండు వారాలు సగానికి సగం తీసేసిన మున్షీ, "వచ్చే మంగళవారం గూడ గిట్లనే తెస్తే మీ అమ్మ కార్డు తీసేస్త బిడ్డా" అన్నడు. కార్డు పోతే ఆకు ఇయ్యరు, తంబాకు ఇయ్యరు. మా ఇంట్ల పొయ్యి మండేది ఆ కార్డు మీదనే.

అమ్మకు చెప్పలేదు. ఇంకా గట్టిగ చుట్టిన. గట్టిగుంటే మున్షీ మెచ్చుకుంటడని నా ఆలోచన. ఆకు చిట్లేది. చిట్లితే ఇంకా భయం, భయానికి ఇంకా గట్టిగ. దేవుని పటం ముందు కూసొని ఏడుస్తుంటే పక్కింటి అక్క చూసింది. బీడీలు చుట్టడంల ఆమెకు మా వాడకట్టులనే పేరు.

ఎట్ల చుట్టాలో ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. తెల్లారి పీట వేసి, నా ముందు చాటెడు బీడీలు పోసింది. "ఇయ్యాల నువ్వే మున్షీవి. బాగలేనియి ఏరి పారెయ్యి."

"నీ బీడీలు నేనెట్ల తీస్తనక్కా?"

"మున్షీ నన్ను అక్కా అంటడా? ఇది బీడీయా, చీపురు పుల్లా అంటడు. గట్ల అను."

మొదటిది పారెయ్యబుద్ధిగాక పీట అంచున పెట్టిన. ఒకదానికి మూతి సరిగ మూసుకోలేదు. ఒకదాంట్ల తంబాకు రాలుతున్నది. ఒకటి నడుమ చిట్లింది. పోను పోను నా గొంతు మున్షీ గొంతయింది. అక్క చేతులు జోడించి, "తప్పయింది సారూ, ముసలిదాన్ని" అన్నది. ఆమెకు ఇరవై గూడ నిండలేదు. శాన రోజులకు నవ్విన.

అప్పుడామె నేను పారేసినవాటిని చూపించి, "ఇందుల నాయి నాలుగే, కావాలనే చెడగొట్టిన. కడమయన్ని మొన్న నువ్వు చుట్టినయే. మీ అమ్మే ఇచ్చింది" అన్నది. గుండె ఝల్లుమన్నది. అమ్మకు అంతా తెలుసన్నమాట. "నీ కండ్లకు పని తెలుసే పిల్లా, చేతులే భయపడుతున్నయి" అని, ఆకులు చిట్లకుండ మెత్తబడాలని తడిగుడ్డ కప్పి నా ఒళ్లో పెట్టింది. ఆ వారం వేళ్లు వదులు చేసి చుట్టిన.

మంగళవారం మున్షీ కట్ట విప్పుతుంటే, గంపల పడేవాటిని లెక్కపెట్టుకుంట నిలబడ్డ. ఆ రోజు గూడ తీసిండు, కాని చారెడే. కార్డు నా చేతిల పెట్టి తర్వాతి ఆమెను పిలిచిండు.

ఇప్పుడు కామారెడ్డిలో ఒక మహిళా సంఘం వాళ్లు, కొత్త కార్యకర్తల శిక్షణ ఎట్లుండాల్నో రాసిపెట్టి, నేర్పే పని నాకు అప్పజెప్పిండ్రు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ దిక్కునుంచి వచ్చినోళ్లు భయానికి మరాఠీల గుసగుసలాడుకుంటరు. నేను ముందుగా పాఠం చెప్పను. తప్పులతో రాసిన సమావేశం తీర్మానం ఒకటి చేతికిచ్చి, ఆఫీసరు తీరుగ తప్పులు పట్టమంట. కాసేపటికి నవ్వులు మొదలైతయి. వాళ్లు రాసిన కాయితాలు గూడ అందుల కలుపుత, కాని వాళ్లనడిగినంకనే. నా బీడీలు కలిపేముందు అక్క నన్ను అడగలేదు. ఆనాటి ఝల్లు ఇంకా గుర్తున్నది.

ప్రతిసారి గదిలకు పోయే ముందు, అసువంటి అక్కను పక్కింట్లనే పెట్టినందుకు దేవునికి దండం పెట్టుకుంట. నా భయం తీసెయ్యమని మాత్రం అడగను. అది నాలో ఉన్నందుకే, వెనక వరుసల కొంగు నోటికడ్డం పెట్టుకొని కూసున్న ఆమె నాకు అందరికన్న ముందు కనపడుతది.