సుద్దగీత దాటిన పసుపు ముద్ద

మంగళవారం పొద్దున అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారడానికి మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాదమ్మ. ఎప్పుడూ మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకునే మనిషి, ఆ రోజు మోగనిస్తూనే ఉంది. "అమ్మా, పెద్దమ్మ పోయింది. చాయ్ తాగి గిలాస పక్కకు పెట్టింది, గంతే" అంది. నేను వెనక్కి తిరిగి పంజగుట్ట వైపు రైలెక్కాను. దారిలో ఏడుపు రాలేదు, భయం వేసింది. యాదమ్మకు చెప్పి తీరాల్సిన మాట ఒకటి ఉందని పెద్దమ్మ ఏడాదిగా నా వెంటపడుతూనే ఉంది. నేను రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాను. ఇక వెంటపడేవాళ్లు లేరు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా బిల్డింగ్‌లో రెండో అంతస్తులో కొడుకూ కోడలితో ఉండేది. మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసు తోటలో పనిచేసి రిటైరయింది. బిల్డింగంతా ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలిచేది, సెక్రటరీ గారితో సహా. మాది గోదావరి వైపు. మూడో అంతస్తులోకి వచ్చిన కొత్తలో టెర్రస్ మీద నాలుగు కుండీలు పెట్టుకుని, రోజూ రెండు పూటలా బకెట్లతో నీళ్లు పోసేదాన్ని. ఆవిడ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, చూసి, నవ్వింది.

"మీ ఆంధ్రోళ్లు కాల్వలు చూసి పెరిగినోళ్లు. కుండీని సుత చెరువు చేస్తరు."

నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు కూడా. వారం తర్వాత మొక్కలు పసుపుపచ్చగా వాడిపోతే నేనే వెళ్లి రెండో అంతస్తు తలుపు కొట్టాను. ఆవిడ దెప్పలేదు. కొంగున ఒక విరిగిన దువ్వెన దోపుకుని పైకి వచ్చి, దాని పళ్లతో కుండీల్లో మన్ను గుల్ల చేసి, పిడికెడు తీసి వాసన చూసింది. "ఆకలి అయితలేదు దీనికి, అజీర్తి అయింది" అంది. ఆ రోజు నుంచీ నేను ఆవిడ దగ్గర శిష్యరికం చేశానని చెప్పుకోవచ్చు, మొండి శిష్యురాలినే అయినా.

నిరుడు ఆషాఢంలో వానలు వారం రోజులు వదలకుండా కురిశాయి. అంతకు ముందే నేను తెలివి చూపించి, వడ్రంగి దుకాణం నుంచి రంపపు పొట్టు ఒక సంచి తెప్పించి, తడి ఆరకుండా కుండీల్లో పరిచాను. పెద్దమ్మకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు. సోమవారం పొద్దున బట్టలు ఆరేయడానికి పైకి వెళ్తే, దండెం కింద ఉన్న కుండీలో అరచేయంత పసుపు ముద్ద కనిపించింది. నురగ నురగగా, మెత్తగా, తడిగా ఉంది. పైన రెండు మూడు చోట్ల ఎర్రటి బొట్లు. పసుపు, కుంకుమ. నా కళ్లకు ఇంకోలా కనపడలేదు. ముందురోజే బోనాల ఆదివారం. ఊరంతా పసుపు నీళ్లూ వేపాకులే. ఆ దండెం మీద సెక్రటరీ గారి కోడలి చీరలు ఆరేస్తారు. ఆ అమ్మాయికి ఏడో నెల.

నేను ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. కింద ఒక్క వాక్యం రాశాను: "ఎవరో కుండీలో పసుపు ముద్ద పెట్టి వెళ్లారు, చూసుకోండి." అంతే. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ రాయలేదని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ మిగతాది రాయడానికి ఇరవై ఇళ్లవాళ్లున్నారు. దిష్టి తీసి పడేశారని ఒకరు. దిష్టి కాదు, ఇంకేదోనని ఇంకొకరు. టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉంటుందని మరొకరు. తాళం యాదమ్మ దగ్గర ఉంటుంది. ఆదివారం యాదమ్మ బోనమెత్తింది. ఆమె ఇంట్లో పసుపు ఉంది. మా అందరి ఇళ్లలోనూ ఉంది, ఆ సంగతి ఎవరూ రాయలేదు.

మధ్యాహ్నానికి సెక్రటరీ గారు కిందికి దిగి, వచ్చే ఆదివారంలోగా గది ఖాళీ చేయమని యాదమ్మకు చెప్పేశారు. పార్కింగ్ పక్కనున్న ఆ గదే ఆమెకు ఇల్లు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని అందులోనే సాకుతోంది. ఆమెకు గ్రూపు లేదు, అలాంటి ఫోన్ లేదు. ఎవరు మొదలుపెట్టారో ఆమెకు తెలియదు. నేను మెట్ల మీద నిలబడి అంతా విన్నాను. కిందికి దిగలేదు.

యాదమ్మ ఏడుస్తూ పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. పెద్దమ్మ పైకి వచ్చింది, ఆవిడ వెనకే సగం బిల్డింగ్ వచ్చింది. కుండీ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. దువ్వెన కొనతో అంచు కదిపింది.

"గిది పసుపు కాదు. ఒక తీరు బూజు, ఆ ఎర్ర బొట్లు దాని చెమటనే. కుళ్లిన కట్టె మీద వానలకు వస్తది. మా ఆఫీసు తోటల మస్తు చూసిన. మొక్కను సుత ఏం చెయ్యదు."

"పెద్దమ్మా, మీరు ఆవిణ్ణి వెనకేసుకు రాకండి" అన్నారు సెక్రటరీ గారు. ఆయన చెడ్డవాడు కాదు, బెదిరిపోయి ఉన్నాడు. "బూజు అంటే తెల్లగానో నల్లగానో ఉంటుంది. ఇదేంటి, ఇంత పచ్చగా?"

"రేపటి దాకా ఎవ్వరు ముట్టకుండ్రి. పసుపైతే పెట్టిన కాడనే ఉంటది. గిది నడుస్తది."

యాదమ్మ కూతురి పలకమీది సుద్దముక్క తెప్పించి, కుండీ అంచున ముద్దకు రెండు వేళ్ల ఎడంగా ఒక గీత గీసింది. మేమందరం ఆ గీతను చూసి కిందికి దిగాం.

మర్నాడు పొద్దున ఆ ముద్ద గీత దాటి ఉంది. కుండీ అంచెక్కి, బయటి వైపుకు జానెడు జారి, పక్క కుండీ మీద ఒక చెయ్యి వేసినట్టుంది. పెద్దమ్మ మాట నిజమైంది. కానీ ఆవిడ ఒక్క సంగతి లెక్కలోకి తీసుకోలేదు. నడవడం చూసి జనం ఊపిరి పీల్చుకుంటారని అనుకుంది. జనం ఇంకా హడలిపోయారు. కదులుతోందట, దండెం వైపే వస్తోందట. సెక్రటరీ గారి కోడలు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది, అన్నం ముట్టలేదు. ఆదివారం దాకా ఎందుకు, ఇవాళే పొమ్మన్నారు యాదమ్మను. కిందికి వెళ్లి చూస్తే గది ముందు రెండు మూటలు, ఒక ట్రంకు పెట్టె. పిల్లలిద్దరూ వాటి మీద కూర్చున్నారు.

నేను ఇంట్లోకి వచ్చేస్తే వెనకే పెద్దమ్మ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"కుండీల ఏం పరిచినవ్?"

చెప్పాను. మిగతా పొట్టు ఎక్కడుందని అడిగింది. బాల్కనీలో సంచి ఉంది, వానకు సగం తడిసింది. మూతి విప్పి చూపించాను. లోపల పొట్టు నిండా సన్నటి పసుపు దారాలు, నరాల్లాగా పాకి, ఒక మూల చిన్న ముద్ద కట్టి ఉన్నాయి. అదే రంగు, అదే నురగ. నా ఇంట్లో, నా బాల్కనీలో.

పెద్దమ్మ మెల్లగా సంచి మూతి మడిచింది. అరవలేదు. "నేను చెప్తే ఎనకేసుకొచ్చినట్టు ఉంటది. సంచి నీ ఇంట్ల ఉన్నది. తీసుకపోవుడో దాసిపెట్టుడో నువ్వే చూసుకో" అని వెళ్లిపోయింది.

ఆ పది నిమిషాలు నేను ఏం ఆలోచించానో రాయాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సంచిని మెయిన్ రోడ్డు మీది చెత్తకుండీలో పడేసి వస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. ఆవిడ చెప్పదని కూడా నాకు తెలుసు. అదే నన్ను కూర్చోనివ్వలేదు. సంచి ఎత్తుకుని టెర్రస్ మీదికి వెళ్లాను. సెక్రటరీ గారిని పిలిచి, అందరి ముందూ పొట్టు నేల మీద కుమ్మరించాను. వడ్రంగి దుకాణం నుంచి నేనే తెచ్చానని, నేనే కుండీల్లో పరిచానని చెప్పాను. ఆయన చాలాసేపు వంగి చూశారు. తర్వాత కోడల్ని పైకి పిలిపించారు. ఆ అమ్మాయి మొహం కడుక్కుని వచ్చి, ముక్కు మీద కొంగు పెట్టుకుని చూసి, "అంటే ఇది నిన్న రాత్రి నడిచిందా?" అంది. భయం పోయిన గొంతు. పెద్దమ్మ అవునంది. ఆ అమ్మాయి నవ్వింది. ఆయన కిందికి వెళ్లి యాదమ్మతో మూటలు లోపల పెట్టుకోమన్నారు. క్షమించమని మాత్రం అనలేదు.

అప్పుడు పెద్దమ్మ పని చూపించింది. పైన గట్టిపడి పెచ్చు కడుతోంది కాబట్టి ఆలస్యం చేయొద్దంది. ఎండితే లోపలంతా నల్లటి పొడి అవుతుందట, తాకితే లేస్తుందట. దగ్గూ ఆయాసం ఉన్నవాళ్లను కిందికి పంపింది. పైపుతో కొట్టనివ్వలేదు, కొడితే ఇంకా చెదిరి నాలుగు దిక్కులా మొలుస్తుంది. అట్టముక్కతో కింది పొట్టుతో సహా ఎత్తి కవర్లో వేసి ముడేసింది. మిగతా కుండీల్లో పొట్టు దువ్వెనతో తిరగేసి గాలి ఆడనిచ్చింది. మందేదైనా కొట్టాలా అని అడిగాను. "దీనికేం మందు. ఎండ తగలనియ్యి, నీళ్లు తక్కువ పొయ్యి" అంది. తర్వాత ఫోన్‌లో వెతికితే స్లైమ్ మోల్డ్ అంటారని తెలిసింది. మొక్క కాదు, పురుగు కాదు, అసలు బూజు కూడా కాదట. పేరు చెబితే ఆవిడ పలకడానికి ప్రయత్నించి వదిలేసింది.

గ్రూపులో పొరపాటు పడ్డానని రాశాను. సాయంత్రం పెద్దమ్మ నన్ను మెట్ల దగ్గర ఆపింది. "ఫోన్ల చెప్పినవట, మంచిగ చేసినవ్. యాదమ్మకు చెప్పినవా? ఫోటో నువ్వే పెట్టినవని దానికి ఎరుక లేదు." చెబుతానన్నాను. తర్వాత కరివేపాకు కోసం వచ్చినా, దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టినా, నా మొహంలోకి చూసి "చెప్పినవా?" అని మాత్రం అడిగేది. ఒక్కసారీ తిట్టలేదు. యాదమ్మకు తనూ చెప్పలేదు. అంత ఓపిక నేను ఎవరిలోనూ చూడలేదు. దాన్ని వాడుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం పెద్దమ్మను తీసుకుపోయారు. డప్పుల చప్పుడు గల్లీ మలుపు దాటేదాకా గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చాను. యాదమ్మ అప్పటికే పై నుంచి మెట్లు కడుగుతూ దిగుతోంది. నేను రెండో అంతస్తు మలుపులో ఆగి, చెప్పేశాను. ఆ ఫోటో నాదని, ఆ మాట నాదని, మీ గది ముందు మూటలు చూసి కూడా నోరు మూసుకున్నానని.

యాదమ్మ చీపురు ఆపింది. నా వైపు చూడలేదు, గోడ వైపు చూసింది.

"ఆ దినం మా చిన్నది అడిగింది, మనం ఏం చేసినమే అమ్మా అని" అంది. "నాకు ఏం చెప్పాల్నో సమజ్ కాలె."

ఆమె బకెట్ ఎత్తింది.

"జర కాళ్లు తియ్యమ్మా."

పక్కకు జరిగాను. బకెట్‌లో ఉన్న నీళ్లన్నీ ఒక్కసారి పోసింది. పాడె దిగేటప్పుడు చల్లిన గులాల్ కరిగి నీళ్లు గులాబీ రంగు తిరిగాయి. బంతిరేకులను తేలుస్తూ ఒక మెట్టు దగ్గర ఆగి, నిండి, కింది మెట్టు మీదికి జారాయి.