ఒక పోగు ఎక్కువ

కడప రైల్వేస్టేషన్ రోడ్డులో జీవమ్మ జిరాక్సు అంటే నా అంగడే. దానికి ఆనుకునే ఉమామహేశ్వర పని చేసుకునే గది. నేను ఉమన్న అంటాను. పాత కంప్యూటర్లలో విరిగిపోయిన ప్లాస్టిక్ ముక్కలను అచ్చుపోసి కొత్తవి చేసిస్తాడు. కీబోర్డు మీటలు, ప్రింటరు పళ్లచక్రాలు, కంపెనీలు ఎప్పుడో చేయడం మానేసినవి. ముట్టుకుంటే పొడి అయ్యే ముక్కను ఓపిగ్గా అతికించి, దానికి రబ్బరు అచ్చు తీసి, అందులో ఆరితే గట్టిపడే రెజిన్ పోస్తాడు. బెంగళూరు నుంచి కూడా పార్సిళ్లు వస్తాయి. "ఏమప్పా, చచ్చినోళ్లకు పళ్లు కట్టిస్తాండావు" అని ఎగతాళి చేసేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. మాటకు మాట అనని మనిషంటే నాకు ఒళ్లు మంట.

ఉమన్న పుట్టింది మాధవరంలో, నేతగాళ్ల ఇంట్లో. కొలిచే పనిముట్లు ఎన్ని ఉన్నా, సందు ఎంతో తెలియాలంటే నూలుపోగు దూర్చి చూసేవాడు.

పోయిన ఎండాకాలం అతని చెల్లెలు శివలీల ఒక పాత కంప్యూటరును దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెచ్చింది. ఆమె మొగుడు ఓబుళేశు చీరల అంచులు గీసింది దాంట్లోనే. అతను పోయి ఏడాది. వెంట తెచ్చిన పెద్ద ఫ్లాపీ మీద అతని చేతిరాతతో ఆమె పేరు ఉంది. పెళ్లయిన కొత్తలో ఆమె కోసమే గీసిన అంచు. ముప్పై ఏళ్లు ఊరందరికీ నేశారు గానీ ఆమె చీర మగ్గం ఎక్కనే లేదు. ఇప్పుడు తానే నేసుకుంటానని వచ్చింది.

కంప్యూటరు లోపల, ఫ్లాపీని నడిమి రంధ్రంలో పట్టి తిప్పే ప్లాస్టిక్ బిళ్ల పగిలిపోయి ఉంది. ఉమన్న వారం కూర్చుని కొత్తది పోశాడు. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ఒక పోగు మందం ఎక్కువ ఉంచాడు. ఉతికితే ముడుచుకుంటుందని నేతగాళ్లు వెడల్పు కాస్త ఎక్కువే ఇస్తారు. అలవాటైన చెయ్యి అది. ప్లాస్టిక్‌ను ఎవరు ఉతుకుతారు?

ముందు తన దగ్గరున్న ఒక పాత ఖాళీ ఫ్లాపీ వేసి చూశాడు. తిరిగింది. వాడివాడి దాని రంధ్రం సాగి ఉందని మాకెవరికీ తట్టలేదు.

తర్వాత ఓబుళేశు ఫ్లాపీ పెట్టి మీట నొక్కాడు. బిళ్ల ఇరుక్కుని కిర్రుమంది. బయటికి తీసేసరికి రంధ్రం చుట్టూ చిరిగి, గీసిందంతా దాచి ఉంచే లోపలి నల్లపొర గీసుకుపోయింది. సాయంత్రం దాకా ఏమేమో చేశాడు. తెర మీద ఏమీ రాలేదు.

"పోగు ఎక్కువిచ్చినానమ్మా. నా చేతులిరిగిపోనూ" అన్నాడు.

"అట్లనొద్దన్నా. మన చేతులంతే" అంది శివలీల.

నా నోరు ఊరుకోదు కదా. "ఆ అంచు ఎట్లుండేదో గుర్తుంటే చెప్పమ్మా. కాగితం మీద గీద్దాం" అన్నాను.

ఆమె ఫ్లాపీని చెంగుతో తుడిచింది.

"నేను చూసిందే లేదు జీవమ్మా. ఎన్నిసార్లడిగినా, చీర మీదనే చూద్దువులే, తొందరేముండాది అనేటోడు."

ఉమన్న రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.