కాటా ఆఫీసులో మానిటర్ పగిలింది

ముత్తుకూరులో లారీలు తూచే కాటా ఆఫీసులో ఈ రోజు నా మూతి పగిలింది. హెడ్డాఫీసు వాళ్లు పంపిన, వైరస్‌ల మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్‌ని పొద్దున నేనే కమాండ్ కొట్టి కంప్యూటర్లో ఎక్కించాను. అది తూకం ప్రోగ్రామునే దొంగ అనుకుని ఆపేసింది. తీసేద్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ తెలిసిన హెడ్డాఫీసు వాళ్లు ఫోనెత్తలేదు.

బయట తూకం కోసం ఆగిన రొయ్యల లారీలో ఐసు కరుగుతోంది. డ్రైవరు లోపలికొచ్చి నా మూతి మీద గుద్దాడు.

"పాస్‌వర్డ్ లేకుండా ఈ సాఫ్ట్‌వేర్ పోదన్నా!" అన్నాను.

"ఎట్ట పోదో నే చూస్తా, జరుగు!" అంటూ జాకీ రాడ్డుతో మానిటర్ పగలగొట్టాడు. "పోయిందిగా, ఇంక తూకం ఎయ్యి!"

పోయింది మానిటరే. సాఫ్ట్‌వేర్ సీపీయూలో చెక్కుచెదరలేదు. నేను నెత్తురు కడుక్కుంటుంటే నా ఫోనుకి మెసేజి కూడా పంపింది: 'మీ కంప్యూటర్ సురక్షితంగా ఉంది.'

మూతికి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.