సొంత పండ్లు, కట్టుడు పండ్లు, మధ్యలో నా పెండ్లి

ఆ రోజుల్లో మా నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు వయసులో ఉన్న మగవాడికి ఏదో ఒక పిచ్చి లేకపోతే పిల్లనిచ్చేవాళ్ళు కూడా అనుమానంగా చూసేవాళ్ళు. కొందరికి హీరోల పిచ్చి, కొందరికి క్రికెట్ పిచ్చి, కాస్త పొలం ఉన్నవాళ్ళకు రాజకీయాల పిచ్చి. ఇవేవీ అంటని నాకు బ్యాండు మేళం పిచ్చి పట్టింది. ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు (అప్పటివాళ్ళూ నవ్వారు). ఎర్ర కోట్లు తొడుక్కుని, పెండ్లికొడుకు జీపు ముందు చెమటలు కక్కుతూ వాయించేవాళ్ళను ఎవరైనా నిలబడి వింటారా? మేము వినేవాళ్ళం. వినడమే కాదు, రికార్డు చేసుకునేవాళ్ళం. ఒకరి ఫోన్లోంచి ఒకరు ఎక్కించుకునేవాళ్ళం. ఎవరి దగ్గరున్నది గొప్పదో తేల్చుకోలేక కొట్టుకునేంత పని చేసి, నెలల తరబడి మాటలు మానేసేవాళ్ళం. సంగీతం మనుషులను కలుపుతుందని చెప్పేవాళ్ళెవరూ మా గుంపును చూసి ఉండరు.

మా అందరికీ దేవుడు నంద్యాల బ్యాండులో క్లారినెట్ వాయించే ఊపిరి చాచా. అసలు పేరేమిటో మాలో ఎవరూ అడగలేదు. అందరిలాగే ఆయనా సినిమా పాటతోనే మొదలుపెట్టేవాడు. పల్లవి అయ్యేది, చరణం అయ్యేది, ఆ తర్వాత పాట ఉన్నచోటే ఉండిపోయి చాచా ఒక్కడే ఎటో వెళ్ళిపోయేవాడు. డ్రమ్ములవాళ్ళు ఆయన మొహం చూసుకుంటూ వెనకాలే పోయేవాళ్ళు. మెరవణి ఒక వీధి దాటి ఇంకో వీధి తిరిగినా చాచా పల్లవికి వచ్చేవాడు కాదు. ఈసారి దారి తప్పాడు, ఇక రాలేడు అని మేము ఊపిరి బిగబట్టుకున్నప్పుడు ఎవరూ అనుకోని చోటినుంచి వచ్చి మెత్తగా పల్లవి మీద వాలేవాడు. ఒకసారి పోయిన దారిన మళ్ళీ పోడు. అందుకని ప్రతి పెండ్లీ మాకు కొత్తదే. 'గోస్పాడు చిన్నకూతురు', 'పాములపాడు వాన', 'సున్నిపెంట క్వార్టర్సు' అని రికార్డింగులకు పేర్లు పెట్టుకున్నాం. ఆ పెండ్లిళ్ళు చేసుకున్నవాళ్ళు ఎవరో మాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. గోస్పాడు జంట ఏడాది తిరక్కుండానే విడిపోయిందని ఎవరో చెప్పినప్పుడు మాలో ఒకాయన, "పోనీలేప్పా, రికార్డింగు మాత్రం నిలబడిండాది గదా" అన్నాడు. అందరం తలలూపాం.

ఇంత ముచ్చటైన మతంలో చీలిక రావడానికి కారణం చాచా పైపండ్లు. (పళ్ళను మేము పండ్లంటాం, తినేవాటినీ పండ్లే అంటాం, ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు.) క్లారినెట్ మూతిని పైపండ్లతో అదిమి పట్టి వాయించాలి. అవి ఊడిపోయి చాచా కట్టుడు పండ్లు పెట్టించుకున్నాక లోకం రెండుగా విడిపోయింది. సొంత పండ్ల కాలమే గొప్పదనే వర్గానికి ఆళ్ళగడ్డలో మా మేనమామ పెద్ద. టేపురికార్డర్లు బాగుచేసే అంగడి నడిపి, బాగుచేయించుకునేవాళ్ళు కరువయ్యాక కూడా తెరిచే పెట్టిన మనిషి, ఊరంతా టేపు మామ అనేది. కట్టుడు పండ్ల వర్గానికి నంద్యాలలో బట్టలంగడి పెట్టుకున్న శెట్టన్న పెద్ద. "పండ్లు పోయినాక అది క్లారినెట్టు కాదురా, తిర్నాళ్ళలో పిల్లోల్లు ఊదే పీక" అనేవాడు మామ. "మీ మామ చెవుల్లో క్యాసెట్ల దుమ్ము చేరిండాది. కట్టుడు పండ్లు వచ్చినాకనే చాచాకు నిదానం వచ్చింది" అనేవాడు శెట్టన్న. అంగట్లో రికార్డింగు వింటూ, ఆ నిదానం వినిపించే చోటు రాగానే చీరలు చూస్తున్న ఆడవాళ్ళను కూడా "ఒక్క నిమిషం మాట్లాడొద్దమ్మా" అని ఆపేవాడు. ఒకామె చేతిలో పట్టుకున్న జాకెట్టు ముక్క అక్కడే పెట్టి పక్క అంగడికి పోయింది. శెట్టన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు గనుక చూడలేదు.

నేను పుట్టుకతో సొంత పండ్ల వర్గం, ఉద్యోగరీత్యా కట్టుడు పండ్ల వర్గం. నంద్యాలలో విత్తనాల కంపెనీ గోడౌనులో పని చేసేవాణ్ణి కాబట్టి సాయంత్రాలు శెట్టన్న అంగట్లో కూర్చుని ఆయన చెప్పినదానికల్లా ఔనన్నాను. ఆదివారాలు ఆళ్ళగడ్డ పోయి మామ చెప్పినదానికల్లా ఔనన్నాను. నా అభిప్రాయం ఏమిటో నాకే తెలియదు. ఒకసారి ధైర్యం చేసి చాచానే అడిగాను, సొంత పండ్లా, కట్టుడు పండ్లా, ఏవి మేలు అని. ఆయన టీలో బన్ను ముంచుకుంటూ, "నమిలేదానికైతే సొంతవే మేలు నాయనా" అన్నాడు. ఈ మాటను రెండు వర్గాలవాళ్ళకూ చెప్పాను. రెండు వర్గాలూ తామే గెలిచామనుకున్నాయి.

అలాంటి రోజుల్లో నాకు ఆళ్ళగడ్డ సంబంధం కుదిరింది. మేనమామ బంగారు ఉంగరం పెడతాడని మా నాయన ఆశపెట్టుకుని ఉన్నాడు. మామ వచ్చి, "ఉంగరం ఎవడైనా పెడ్తాడు. మెరవణికి చాచా మేళం నాది" అన్నాడు. నాయన మొహం చూడాల్సింది. నేను మాత్రం మామ కాళ్ళు మొక్కాను. నా పెండ్లికి చాచా. పెండ్లికూతురు ఎవరని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఒక్క క్షణం ఆలోచించుకోవాల్సి వచ్చేది. ఇక శెట్టన్నకు పత్రిక ఇవ్వగానే ఆయన దాన్ని పెండ్లి పత్రికగా కాక పందెం పిలుపుగా తీసుకున్నాడు. ఆళ్ళగడ్డ నడివీధిలో, మామ ఎదురుగా, కట్టుడు పండ్లతో చాచా ఎంత దూరం పోయి ఎట్లా తిరిగొస్తాడో ఆ పొద్దు తేలిపోవాలి. దానికి నా పెండ్లి ఒక సాకు.

పొద్దున ముహూర్తం. విడిది ఇంటినుంచి కల్యాణమండపం దాకా ఒకటే పొడుగాటి వీధి. నన్ను పైకప్పు లేని జీపులో కూర్చోబెట్టి, మామ తన రికార్డరు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "కదలాకు. పూలదండ గరగరంటాది. దగ్గు వస్తే మింగు" అన్నాడు. శెట్టన్న నంద్యాలనుంచి బట్టలు కొలిచే గజంబద్ద తెచ్చుకుని, దాని కొసన ఫోను కట్టి, చాచా తలకాయ మీదుగా పట్టుకుని నడిచాడు. టపాకాయలు అంటించబోయిన మా చిన్నాన్న కొడుకు చేతిలోంచి మామ అగ్గిపెట్టె లాక్కున్నాడు. చిందులేయడానికి లుంగీలు ఎగ్గట్టిన కుర్రాళ్ళను శెట్టన్న మనుషులు గోడవారకు నెట్టారు. ఆడవాళ్ళను గాజులు సర్దుకోవద్దన్నారు. చావింట్లో కూడా అంత మర్యాదగా ఉండరు, మా మెరవణి అట్లా నడిచింది. వాకిళ్ళలోకి వచ్చి చూసినవాళ్ళు పెండ్లికొడుకుకేమైనా జబ్బా అని అడిగారట.

మండపం కనిపించేంత దగ్గరికి రాగానే చాచా పాట విడిచిపెట్టాడు. నిజం చెబుతున్నా, అంతటి వాయింపు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. మామ కళ్ళల్లో నీళ్ళు. కట్టుడు పండ్ల మీద మనసు పారేసుకుంటున్నందుకు వచ్చిన నీళ్ళు అవి. వాయిస్తూనే మేళం నడక ఆపేసింది, వెనకాల జీపు ఆగింది. పెండ్లికూతురి చిన్నాయన మండపంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏందల్లుడా, మూర్తం దాటిపోతాంది, దిగు" అన్నాడు. నేను పెదవుల మీద వేలు పెట్టుకుని ఆయనను ఊరుకోమన్నాను. పిల్లనిస్తున్న ఇంటి పెద్దమనిషిని. ఆయన నన్ను, నా వేలిని, నా ఒళ్ళో ఎర్రగా వెలుగుతున్న చిన్న దీపాన్ని చూసి, వచ్చిన దారినే వెనక్కి పోయాడు. మండపం మెట్ల మీద నిలబడి ఆయన మావాళ్ళతో, "మీవోడు మూగోడా, ఎర్రోడా? ఇంగొక్క నిమిషం చూస్తా. రాకుంటే ఈ పెండ్లే వొద్దు, పిల్లను పిల్చుకపోతా" అంటున్నాడు. అది నాకు వినపడుతూనే ఉంది. నాయన దూరంనుంచి చేతులు జోడిస్తున్నాడు. లేవాలి. లేస్తే దండ గరగరమంటుంది. చాచా ఇంకా పల్లవికి రాలేదు.

అప్పుడు మండపంలోంచి పెండ్లికూతురే వచ్చింది. బాసికంతో, బుగ్గన చుక్కతో, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, వెనకాల ఆడవాళ్ళు వొద్దు వొద్దంటున్నా ఎండలో నడివీధికి నడిచొచ్చింది. నా వైపు చూడలేదు. నేరుగా చాచా ముందు నిలబడి, "చాచా, పొద్దున్నుంచి నీళ్ళు గూడా తాగలే నేను. ఆయప్పకు పెండ్లి కావల్నో పాట కావల్నో అడుగు. పాటే అయితే నేను పోయి అన్నం తింటా" అంది. చాచా క్లారినెట్ నోట్లోంచి తీయకుండానే తలాడించి, ఎక్కడెక్కడో తిరుగుతున్నవాడు ఒక్క ఊపిరిలో పల్లవి మీదికి దిగాడు. ఆ దిగుడు గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. నేను జీపులోంచి దూకాను. రికార్డరు కింద పడకుండా పట్టుకునే దూకాను, అది కూడా చెప్పాలి. పురోహితుడు మంత్రాలను ఎక్స్‌ప్రెస్ బస్సు నడిపినట్టు నడిపాడు. ముహూర్తం దాటకముందే తాళి పడింది. చిన్నాయన అక్షింతలు వేసేటప్పుడు కాస్త గట్టిగానే విసిరాడు.

శెట్టన్న ఫోనులో ఆ దిగుడు లేదు. సరిగ్గా అప్పుడే నంద్యాలనుంచి ఆయన భార్య ఫోన్ చేసి కందిపప్పు యాడ పెట్టినావని అడిగింది, రికార్డింగు అక్కడికి తెగిపోయింది. కాబట్టి లోకంలో మిగిలింది నా ఒళ్ళోది ఒక్కటే. దానికి 'ఆళ్ళగడ్డ ముహూర్తం' అని పేరొచ్చింది. మామ దాన్ని కట్టుడు పండ్లతో వాయించిన సొంత పండ్ల వాయింపు అని ఒప్పుకున్నాడు, అంతకంటే కిందికి దిగలేదు. అందరి బాధా ఒకటే, సరిగ్గా దిగే చోట మా ఆమె గొంతు పడింది. మా ఇంట్లో, ఆమె వడ్డించిన ఉగ్గాని బజ్జి తింటూ, "ఆయమ్మి ఒక్క నిమిషం తాళింటే ఎంత శుద్ధంగా వచ్చిండేదో" అని నిట్టూర్చేవాళ్ళు. ఆమె ఇంకో బజ్జి వేసేది. నేను అప్పుడూ ఔననే తలూపాను.

చాచా పోయి కొన్నేళ్ళయింది. మామ అంగడి మూతపడింది. మా గుంపు ఇప్పుడు ఫోన్లలోకి మారింది, చాచాను కంటితో చూడని పిల్లలు కూడా అందులో చేరి ఏ కాలం గొప్పదో మాకే చెబుతుంటారు. మొన్న వాళ్ళలో ఒక కంప్యూటర్ తెలిసిన అబ్బాయి ఏదో మాయ చేసి 'ఆళ్ళగడ్డ ముహూర్తం' లోంచి ఆడగొంతును మొత్తం తీసేసి అందరికీ పంపాడు. మామ దండం బొమ్మ పెట్టాడు. శెట్టన్నా దండం బొమ్మ పెట్టాడు. ఆ ఇద్దరూ ఒకదానికి ఔననడం అదే మొదటిసారి. నేను వంటింటి గడప మీద కూర్చుని ఆ కొత్త కాపీని వినడానికి పెట్టాను. ఆమె పొయ్యి దగ్గర ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండుతోంది. క్లారినెట్ ఎటో పోయింది, తిరిగింది, ఇక ఆ చోటు వస్తోంది. ఆమె చేయి ఆగింది. చాచా పల్లవి మీద దిగాడు. అడ్డం ఎవరూ లేరు. నున్నగా, అద్దంలాగా ఉంది.

"నన్ను యాడ పెట్టినారు?" అంది ఆమె.

"తీసేసినారు. గొంతు పడిందని" అన్నాను.

ఆమె బొరుగులు మళ్ళీ పిండడం మొదలుపెట్టి, "నన్నంటే తీసేసినారు సరే. నువ్వైతే మొదట్నుంచీ ల్యాకపోతివి గదా దాంట్లో" అంది.

నిజమే. పాత రికార్డింగు తీసి మొదటినుంచి చివరిదాకా విన్నాను. చిన్నాయన ఉన్నాడు, నాయన ఉన్నాడు, ఎక్కడో ఒక కుక్క కూడా ఉంది. పెండ్లికొడుకు దగ్గు కూడా లేదు. జీపులో పూలదండ కదలకుండా కూర్చున్న ఆ బక్కపలచటి కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. గుంపులో నా పాత కాపీనే మళ్ళీ పెట్టి, ఇదే అసలుది అని రాశాను. ఆ పిల్లవాడు వెంటనే, "అన్నా, ఇందులో గొంతు పడింది" అన్నాడు. "పడనీలేప్పా, ఆయమ్మి నా పెండ్లాం" అని జవాబిచ్చాను. ఆ గుంపులో నేను సొంతంగా చెప్పిన మొదటి మాట అదేనేమో. ఎవరూ దండం బొమ్మ పెట్టలేదు.