రూతు ఇచ్చిన బొంత

మా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే చాలు, మార్తవ్వ తన ఇంటి ముందు వేపచెట్టు నీడలో పాత చీరలు పొరలు పొరలుగా పరిచేది... నాలుగు మూలలా నలుగురు ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. పొయ్యిలో సగం కాలిన బొగ్గు ముక్క తెచ్చి బట్ట మీద నిలువునా గీతలు గీసేది మార్తవ్వ. ఆ గీతల వెంటే సూది నడవాలి. కుట్టడం అయ్యాక ఒక్కసారి ఉతికితే గీతలు పోయి బొంత మిగులుతుంది.

మార్తవ్వ మనవరాలు రూతు, నేను ఒకే ఈడు. సూదిలో దారం ఎక్కించడం మా ఇద్దరి పని. కమాన్‌పూర్ దగ్గర మా వాడలో పద్దెనిమిది ఇళ్లు... ప్రతి ఇంట్లోనూ ఒకరైనా బొగ్గుబాయి పనికి పోయేవాళ్లే.

మా బాపు డ్యూటీ దిగి వస్తే కళ్లు, పళ్లు మాత్రమే తెల్లగా కనిపించేవి. అందుకే మా అమ్మకు ఒకటే పట్టింపు. బయట నుంచి ఏ బట్ట వచ్చినా ముందు సబ్బునీళ్లలో పడాలి, ఆ తర్వాతే ఇంట్లోకి రావాలి. ఆ పిచ్చి నాకూ పట్టింది. ఆడుకుంటూ ఆడుకుంటూ లేచి వెళ్లి బట్టలు నానబెట్టి వచ్చేదాన్ని.

"నీ చేతికి సబ్బు దొరికితే గోడను గూడ ఉతుకుతవే" అని రూతు పడీ పడీ నవ్వేది...

తర్వాత మార్తవ్వ పోయింది. కొన్నేళ్లకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని తవ్వకం కింద మా ఊరూ పోయింది. తలా ఓ దిక్కు సర్దుకుంటున్న ఆ వారంలో రూతు ఇల్లిల్లూ తిరిగి ఒక్కో పాత బట్ట ముక్క అడిగి తెచ్చుకుంది. ఎందుకే అంటే చెప్పలేదు. నాకేమో సామాన్లు కట్టుకునే తొందర.

పెళ్లయి, పిల్లలు పుట్టాక మేమిద్దరం గోదావరిఖనిలోనే ఉన్నా కలుసుకున్నది తక్కువ. ఆమెకు కామెర్లు ముదిరాయని తెలిసి పరుగెత్తుకుంటూ వెళ్లాను. దవాఖాన నుంచి అప్పటికే ఇంటికి తెచ్చేశారు. మంచం కింద నుంచి ఒక మూట తీయించి నా ఒళ్లో పెట్టింది.

"మన వాడ బొంతే ఇది. పద్దెనిమిది ఇండ్ల ముక్కలు అతికిన. మా అవ్వ చీరది గూడ ఉన్నది. పైపొర ఒక్కటే అయ్యింది... కింద పొరలేసి నువ్వే కుట్టాలె."

"నువ్వే కుడ్తవు గని, ముందుగాల లేచి కూసో" అన్నాను.

"ఎనుక దిక్కు తిప్పి సూడే ఒక్కసారి."

"ఇంటికి పోయి సూస్త తియ్" అన్నాను. నాకు అప్పుడు ఏడుపు ఆగడం లేదు, బొంత ఎవరికి కావాలి... ఎనిమిదో రోజున రూతు పోయింది.

ఏడాది దాకా ఆ మూట విప్పలేకపోయాను. తెలంగాణ వచ్చిన రోజు వీధిలో పటాకులు పేలుతుంటే, రూతు ఉంటే ఎంత గంతులేసేదో అనిపించి పెట్టెలోంచి తీశాను. దులిపితే బొగ్గు దుమ్ము లేచింది. అంతే... చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. బకెట్టు, సబ్బుపొడి. నీళ్లు నల్లబడుతుంటే ఎంత మురికి వదిలిందో అని సంబరపడ్డాను కూడా.

పిండి, తిరగేసి ఆరేస్తుంటే ఒక మూల ముక్క వెనక సగం చెరిగిన అక్షరాలు కనిపించాయి. '...య్య కాక ఇల్లు' అని. రూతు చేతిరాత. వాళ్ల అవ్వలాగే బొగ్గు ముక్కతో రాసింది.

పద్దెనిమిది ముక్కల వెనకా రాసి ఉంటుంది కదా... అన్నీ బకెట్లోకి దిగిపోయాయి. ఆ నీళ్లు పారబోయలేక బాత్రూంలో కూలబడి ఏడ్చాను. పారబోయక ఏం చేస్తాను, సాయంత్రానికి పారబోశాను.

మా అమ్మ నీలం చీర ముక్కను గుర్తుపట్టాను. ఆ మూల ముక్క పక్కింటి మల్లయ్య కాక గళ్ల లుంగీది. ఇళ్ల వరుసలోనే అతికి ఉంటుందని ఆశపడి లెక్కపెట్టాను. ఎక్కడ... మా ముక్క నడిమధ్యలో ఉంది, పక్కింటిది ఆ మూలన ఉంది. రంగులు కలిసేలా కుట్టుకుపోయింది మహాతల్లి. ఇక మార్తవ్వ చీర ఏది?

రామగిరి వైపు స్థిరపడిన మా వాడ పెద్దమ్మ దగ్గరికి మోసుకెళ్లి చూపించాను. తడిమి తడిమి చూసింది.

"ఏం జెప్పాలె బిడ్డా... సైకిల్ మీద మూటేసుకొని వచ్చేటోని దగ్గర్నే అందరం కొంటుంటిమి. అందరియి గవే చీరలాయె."

బొంత మాత్రం పూర్తి చేశాను. కింద పొరలకు మెత్తటి నూలు చీరలు ఎవరింట్లోనూ దొరకలేదు, అమ్మవి రెండుంటే వేశాను. నాలుగు మూలలా నేనే తిరిగి తిరిగి కుట్టాను. గీతలు గీయడానికి మాత్రం బొగ్గు పట్టుకోబుద్ధి కాలేదు. అందుకే కుట్లన్నీ వంకర.

ఇప్పుడు ఊరున్న చోట ఎంత లోతో తెలియని గొయ్యి. ఆ పద్దెనిమిది ఇళ్లు ఒకచోట ఉన్నది ఈ బొంత మీదే. అందులోనూ పదహారు ఇళ్లు ఎవరివో నాకు తెలియవు. రూతుది ఏదో అసలే తెలియదు.

ఫొటో పెడుతున్నాను. మా వాడవాళ్లు ఎవరైనా చూస్తే చెప్పండి... చెబుతారన్న ఆశ పెద్దగా లేదు. మీ ఇంట్లో పాత బొంత ఉంటే దాని ముచ్చట కింద రాయండి. కుట్టినవాళ్లు బతికే ఉంటే మాత్రం ముందు వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. వెనక్కి తిప్పి చూడమంటే, అప్పుడే చూడండి.