అప్ప ముఖమూ అమ్మవారి బెల్లమూ

మా అప్ప ముఖానికి ఆపరేషన్ చేయించుకోవడానికి మూలకారణం శ్రీకూర్మంలో ఒక తాబేలు. అప్ప అంటే మా అక్క, మా వైపు అలాగే పిలుస్తాం. ఆవేళ అప్ప, బావ, నేను దర్శనం చేసుకుని వచ్చి తాబేళ్ళు చూస్తున్నాం. వెనకనుంచి ఎవరో ఒకావిడ చాలా మర్యాదగా అప్పతో అంది:

"మామ్మగారూ, మీ అబ్బాయిని కాస్త పక్కకి జరగమనండి. తాబేలు కనపడ్డం లేదు."

ఆ అబ్బాయి మా బావ. ఆయనకి డెబ్బై దగ్గర పడుతున్నాయి, అప్పకంటే పెద్దవాడు. గజపతినగరంలో బెల్లం, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. జుట్టుకి రంగు వేస్తాడు. గుండ్రటి ముఖం, వెతికినా ముడత దొరకదు. దేనికీ దిగులు పడని మనిషి ముఖం అలాగే ఉంటుంది మరి. ఆయన వంతు దిగులు కూడా అప్పే పడింది. అదంతా వచ్చి ఆమె బుగ్గల కింద, గడ్డం కింద జోలెలా వేలాడింది.

ఆవిడ అన్నది అక్కడితో పోయేదేమో. బావ ఊరుకుంటేనా! దారి పొడుగునా కారులో "అమ్మా, ఆకలేస్తన్నాది" అంటూ వచ్చాడు. అప్ప నవ్వలేదు. నాకు మాత్రం నవ్వాగలేదు, దానికి నామీద కూడా కోపం వచ్చింది.

నేను విజయనగరంలో టీచరుగా చేసి రిటైరయ్యాను. శ్రీకూర్మం నుంచి వచ్చిన మర్నాడే అప్ప ఫోన్ చేసి, "ఒసే, విశాఖపట్నంలో మొకాలు బిగించే డాక్టరున్నాడట. నువ్వు నాతో వస్తావా, రావా?" అంది. ఈ వయసులో ఎందుకే అన్నాను. "ఈ వయసులో కాకపోతే పెళ్ళికి ముందు సేయించుకుంటానేటి?" అంది. సంచి సర్దుకుని వెళ్ళాను.

డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, ఫేస్‌లిఫ్ట్ చేయొచ్చన్నారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు. "బరువు తగ్గే ఉద్దేశం ఏమైనా ఉంటే ముందు తగ్గండమ్మా. తగ్గి, కొన్నాళ్ళు నిలకడగా ఉన్నాక రండి. తరవాత తగ్గితే నా పని పాడవుతుంది."

"తగ్గడమేటండీ, నేనిలాగే బాగున్నాను" అంది అప్ప. అప్పటికి అది నిజమే. ఒంటి గురించి ఆమెకి బెంగ లేదు. బెంగంతా ముఖం గురించే.

ఆపరేషన్‌కి తీసుకెళ్తుండగా స్ట్రెచర్ మీద భయం పట్టుకుంది. చేతులు జోడించి, వార్డంతా వినపడేలా, వాళ్ళ ఊరి అమ్మవారికి మొక్కేసింది. "తల్లీ, నా మొకం బాగా కుదిరితే నా ఎత్తు బెల్లం తూయించి ఇచ్చుకుంటాను!" ఇంకెవరైనా అయితే కొబ్బరికాయలు మొక్కుకునేవారు. ఇన్నేళ్ళు బెల్లం కొట్లో కాపురం చేసిన మనిషి కదా, నోటికి బెల్లమే వచ్చింది. పక్కనే ఉన్న బావ మురిసిపోయాడు.

ముఖం బాగా కుదిరింది. అబద్ధం ఎందుకు, చూసి నాకే అసూయ పుట్టింది. ఊళ్ళో మాత్రం చెవి ఆపరేషన్ అని చెప్పాం. చెవుల పక్కన కుట్లుంటాయి కదా, నమ్మారు. దాంతో వచ్చినవాళ్ళందరూ ఆమె చెవి దగ్గరకొచ్చి అరిచి మాట్లాడేవారు. అప్ప అది కూడా సహించింది. రోజుకోసారి అద్దంలో దవడ గీత చూసుకుని, నాకు ఫోన్ చేసి, "ఉన్నాదే, అక్కడే ఉన్నాది" అనేది.

చిక్కంతా మొక్కు తీర్చే ముహూర్తం పెట్టుకున్నాక వచ్చింది. బావ కొట్లో ఒక పద్ధతి ఉంది. తక్కెడలో ఏది పెట్టినా సరే, తూకం గొంతెత్తి పలకాలి. అమ్మేవాడికీ కొనేవాడికీ రోడ్డు మీద పోయేవాడికీ ఒకేసారి వినపడాలి. వాళ్ళ తాతల నాటి నుంచి అంతే. పలకని తూకం దొంగతూకం అంటాడు బావ. ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఎత్తినా పలుకుతాడు, మనవరాలు పుడితే ఆస్పత్రిలో పలికాడు. మొక్కు బెల్లం తూచేది కూడా ఆ తక్కెడే, పలికేది కూడా ఆ గొంతే. వినేది బజారులోని వర్తకులందరూ. వాళ్ళందరి ముందు చీపురుపుల్లలా నిలబడే అప్ప తోడికోడలు.

"ఓలమ్మో! నా బరువు మైకు నేకండా ఊరంతటికీ సెప్పేస్తాడే!" అంది అప్ప.

ఆ రోజు నుంచి అన్నం మానేసింది. పొద్దున రాగుల చోడంబలి, మధ్యాహ్నం ఉలవచారు, రాత్రి మంచినీళ్ళు. తెల్లారగట్ల సాలూరు వైపు పోయే లారీలకి ఎదురుగా నడక. మొండిమనిషి, పట్టిందంటే వదలదు. జాకెట్లు వదులయ్యాయి. నడుం కనపడింది. ముహూర్తం ఇంకో వారం ఉందనగా విజయనగరం వచ్చింది. గుమ్మంలో నిలబడి "ఎలాగున్నాను?" అని అడిగింది.

నడుం వైపు చూస్తూ బాగున్నావన్నాను. అప్పుడు తలెత్తి ముఖం చూశాను. కణతలు లొత్తలు పడ్డాయి. బుగ్గల్లో పట్టు పోయింది. దవడ గీత మీదకి మళ్ళీ పాత జోలె దిగుతోంది. "తెలుస్తున్నాదేటి?" అంది. తెలుస్తోందన్నాను. నా కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. దాని ఏడుపు చూస్తే నాకూ ఏడుపొచ్చింది. శ్రీకూర్మం దారిలో నవ్వినందుకు ఇన్నాళ్ళకి సరిపోయింది.

మళ్ళీ విశాఖపట్నం. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు.

"అమ్మా, ముఖంలో కొవ్వు దిండులో దూది లాంటిది. నేను గలీబు బిగించి కుట్టాను. మీరు లోపల దూది తీసేశారు. వయసులో ఉన్నవాళ్ళకైతే చర్మం కొంత ముడుచుకుంటుంది. అరవై దాటాక అంత ముడుచుకోదు, వేలాడుతుంది. ముందే చెప్పాను కదా?"

"అప్పటికి మొక్కు నేదు కదండీ" అంది అప్ప.

ఆ మొక్కేమిటో ఆయనకి నేను వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఆయన పెదవులు బిగించుకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. పాపం, నవ్వకూడదని బాగానే కష్టపడ్డారు. ఇక తగ్గొద్దన్నారు. మామూలుగా తింటే బుగ్గలు కొంత నిండొచ్చు, కానీ మునుపటిలా కుదురుతుందని మాటివ్వలేనన్నారు. బరువు కొన్ని నెలలు కదలకుండా ఉంటే, అప్పుడు ఇంకేమైనా చేయాలా అని చూద్దామన్నారు.

బయటికి రాగానే తినిపిద్దామని హోటలుకి లాక్కెళ్ళాను. ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుంది. "తింటే తూకం పెరుగుతాది. తినకపోతే మొకం జారుతాది. ఏటి సెయ్యమంటావే నన్ను?" అంది. ఇడ్లీ నేనే తిన్నాను.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆమెని గజపతినగరంలో ఇంటి దగ్గర దింపి, నేను తిన్నగా కొట్టుకి వెళ్ళి బావకి చెప్పేశాను. ఆయన చింతపండు బుట్ట తూయించడం ఆపేసి విన్నాడు.

"అందుకేటి తిండి మానేసింది! ఉపాసాలనుకున్నాను కదే."

"ఆరోజుకి నువ్వు పలక్కుండా ఉండు బావా, చాలు."

"పలక్కపోతే ఎలాగ? అమ్మవారి కాడ దొంగతూకమా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీకు పెళ్ళాం కంటే తక్కెడే ఎక్కువా అని అరిచాను. ఆయన బుట్ట వైపు చూస్తూ, "సూద్దాం, నువ్వెళ్ళు" అన్నాడు. చేసేదేమీ లేక వచ్చేశాను.

ఆ శుక్రవారం గుడి మండపంలో గోడౌన్‌లోని పెద్ద తక్కెడ వేలాడదీశారు. ఒక వైపు పీట, ఇంకో వైపు బెల్లం దిమ్మలు. బజారంతా వచ్చింది. తోడికోడలు అందరికంటే ముందు నిలబడింది. అప్ప కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, బలిపీఠం ఎక్కుతున్నట్టు వెళ్ళి పీట మీద కూర్చుంది. మొదటి దిమ్మ ఎత్తబోతుంటే బావ "ఆగండ్రా" అన్నాడు. చెప్పులు ఎప్పుడో విడిచాడు, పంచె ఎగ్గట్టి, వెళ్ళి పీట మీద అప్ప పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. తాళ్ళు కిర్రుమన్నాయి.

"ఇదేటయ్యా, దిగు!" అంది అప్ప.

"నీ ఆపరేషన్ కుదరాలని నేనూ మొక్కుకున్నాను. ఇద్దరివీ కలిపి తూసేయండ్రా."

గోడౌన్‌లో సగం బెల్లం ఎక్కించారు. తక్కెడ సమానమయ్యాక బావ పీట మీదనుంచే, కొట్లో పలికినట్టు, గొంతెత్తి పలికాడు. అక్షరం తప్పు లేదు. అది ఇద్దరి లెక్క. అందులో ఎవరిది ఎంతో ఆ గొంతు చెప్పలేదు.

తోడికోడలు మనసులో తీసివేత మొదలెట్టింది. "మరి బావగారెంత తూగుతారో?"

"నేనెప్పుడూ తక్కెడెక్కనేదు కదమ్మా. అమ్మవారికే తెలవాల" అన్నాడు.

హారతయ్యాక పూజారిగారు దిమ్మ అంచు కొట్టి, ఇంకా పీట మీదే ఉన్న ఇద్దరికీ ప్రసాదం చెరో ముక్కా ఇచ్చారు. అప్ప ఆ ముక్కని చేతిలో పట్టుకుని బావ వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, గుసగుసలో కూడా కోపం.

"ఈ ఉపాయమేదో మూణ్ణెల్ల కిందట సెప్పుంటే నా మొకం నాకుండును కదయ్యా!"

"నువ్వడిగితే కదేటి... ఉండవే, దిగినాక తిను. అటుది ఇటొచ్చి తూకం మారిపోతాది!"

"మారనీ" అంటూ అప్ప ముక్క మొత్తం నోట్లో వేసుకుంది. పెద్ద ముక్క, నమలడానికి కుదరక ఒక పక్కకి తోసుకుంది. నేను దగ్గరకెళ్ళి చూశాను. బెల్లం ఉన్నవైపు బుగ్గ మాత్రం డాక్టరుగారు పెట్టిన చోటే ఉంది.